వేలే గదా పోయింది! (మా చేతుల లెక్క – 6)

నా కుడిచేతి ఉంగరపు వేలు వంగదు. 2021 నుంచీ వంగదు. పిడికిలి బిగిస్తే మిగతా వేళ్లన్నీ లోపలికి పోతాయి, ఇదొక్కటే బయట నిలబడుతుంది. సభల్లో "జై భీమ్" అని పిడికిలెత్తినప్పుడు ముందు వరుసలో కూర్చున్న పిల్లలు ఆ వేలు చూసి నవ్విన రోజులున్నాయి. నేనూ వాళ్లతో పాటే నవ్వాను. ఇక నవ్వదల్చుకోలేదు. ఎందుకో ఈ భాగంలో చెప్తాను. పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

సినిమావాళ్లకు మా సీమ చేయంటే వేటకొడవలి పట్టిన చేయి. మా వాడల్లో చేయంటే బండలెత్తే చేయి, అరటి గెల మోసే చేయి, డప్పు కొట్టే చేయి. ఆ చేతుల మీద ఎవడూ సినిమా తీయడు. లెక్క మాత్రం కట్టారు. ఆ లెక్క ఎవరు కట్టారో, ఎవరి చేతిని చూసి కట్టారో, అదీ నా గొడవ.

ముందు జరిగింది చెప్తా. జమ్మలమడుగు వైపు ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ని. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. దేశమంతా 'కడప బండ' అని పిలిచే నాపరాయి అది. మిషన్ నుంచి దిగిన బండను ఇద్దరం చెరోవైపు పట్టుకుని నిలువుగా ఆనించాలి. అవతలి మనిషి చేయి జారింది. ఆనించిన బండకూ పట్టుకున్న బండకూ మధ్య నా వేలు ఇరుక్కుంది. చేతికి గ్లౌజులు లేవు. పనిలో చేరినప్పటి నుంచీ లేవు.

ఓనరు వచ్చి చూశాడు. నిజం చెప్పాలంటే తన బండి మీదే తీసుకుపోయాడు. దారిలో ఆయనన్న మాట ఇదీ: "ఏంరా అబ్బీ, ఏలే గదా పోయింది, సెయ్యి బాగానే ఉండాది గదా!"

ఆ మాటలో కోపం లేదు. ఓదార్పే ఉంది. అందుకే దాన్ని పట్టుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

తీసుకుపోయింది ఆస్పత్రికి కాదు, కట్టు కట్టే మనిషి దగ్గరికి. పుత్తూరు కట్టు పేరు చెప్పి కట్టేవాళ్లు మా సీమలో టౌనుకొకరైనా ఉంటారు. వేలును తిన్నగా చాచి, బద్దలు పెట్టి, గట్టిగా చుట్టి, నలభై అయిదు రోజులు కదిలించొద్దన్నాడు. నేను కదిలించలేదు. చెప్పిన మాట విన్నాను. కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది, వేలు కట్టెపుల్ల అయింది. తర్వాత ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోతే ఎక్స్‌రే తీసి, "ఎముక బాగుంది, వేలే కదా, పనిచేస్తూ ఉంటే అదే వస్తుంది" అన్నారు. ఓనరు నోట విన్న మాటే చదువుకున్న నోట మళ్లీ విన్నాను.

పనిచేస్తూ ఉంటే రాలేదు. అది రాదు కూడా. తర్వాత తెలుసుకున్నది చెప్తా, గుర్తుపెట్టుకోండి. వేలు విరిగినా నలిగినా లోపల వాపు నీరు చేరుతుంది. ఆ వాపులో వేలు కదలకుండా వారాలు ఉంటే కీలు చుట్టూ పొర బిగుసుకుంటుంది, వేలును వంచే నరంలాంటి తాడు (డాక్టర్లు టెండన్ అంటారు) ఎముకకు అతుక్కుపోతుంది. అందుకే చేతి వైద్యం తెలిసినవాళ్లు వేళ్లన్నిటినీ తిన్నగా చాచి కట్టేయరు. అరచేతికీ వేళ్లకూ మధ్య కణుపులు వంగి, వేళ్ల మధ్య కీళ్లు చాచి ఉండేలా కడతారు. చేయి ఎత్తి పెట్టమంటారు. దెబ్బ తగలని వేళ్లను మొదటి రోజు నుంచే ఆడించమంటారు. దెబ్బ తగిలిన వేలును ఏ రోజు నుంచి, ఎంత మేర కదిలించాలో లెక్క చెప్తారు. వేలి వైద్యంలో ఎముక అతకడం సగం పనే. మిగతా సగం వంచడం నేర్పడం. ఆ సగం నాకు ఎవరూ చేయలేదు.

"వేలే కదా" అన్నవాళ్లందరికీ ఇంకో సంగతి. నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు, ఈ మూడింటినీ లోపలికి ముడిచే కండ ముంజేతిలో ఒకటే. తాళ్లు మూడు, లాగేది ఒకరే. ఒక తాడు ఇరుక్కుంటే మిగతా రెండూ పూర్తిగా రావు. అంటే బిగుసుకుపోయిన ఒక్క వేలు పక్క వేళ్ల బలాన్నీ తినేస్తుంది. నాకు అర్థంకాక ఏడ్చిన రోజులు అవే. దెబ్బ తగలని చిటికెన వేలు ఎందుకు బలహీనపడింది? కొడవలి ఎందుకు జారిపోతోంది? బక్కెట ఎందుకు పట్టు తప్పుతోంది? సోమరితనం అన్నారు. నేనూ నమ్మాను.

ఫ్యాక్టరీలో రెండోసారి నిలబడలేక పులివెందుల దగ్గర మా అక్కగారి ఊరికి పోయాను. అది అరటి సీమ. గెలలు కోసి, మోసి, లారీకెత్తే పని. కొడవలి పిడిని బిగించి పట్టేది బొటనవేలూ చూపుడు వేలూ కాదు తమ్ముళ్లారా, ఈ చివరి రెండు వేళ్లే. సుత్తికీ అంతే, గొడ్డలికీ అంతే, పారకూ అంతే. నాలుగో రోజు మా బావే మెల్లగా అన్నాడు, "నువ్వు లెక్క రాయి బామ్మర్దీ, కోత వద్దులే" అని. మంచి మనసుతోనే అన్నాడు. కానీ లెక్క రాసేవాడు అక్కడ అప్పటికే ఒకడున్నాడు.

ఇక డప్పు. మా నాయన కొట్టేవాడు, చావుకూ జాతరకూ, ఊరి పిలుపు మీద. నేను పిలుపు మీద కొట్టలేదు, ఉద్యమం కోసం కొట్టాను. ఆ తేడా కోసమే కదా మనం ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు కుడిచేతి పుల్ల గంట తర్వాత జారుతుంది. కళాబృందం పిల్లలు నన్ను మైకు దగ్గరికి పంపారు. వాళ్లు గౌరవించారనుకున్నారు. నేను పోగొట్టుకున్నాననుకున్నాను.

ఇప్పుడు ధర సంగతి.

మన దేశంలో వేళ్లకు ధరల పట్టిక ఉంది. కార్మికుల నష్టపరిహార చట్టం, 1923. పేరు తర్వాత ఉద్యోగుల పరిహార చట్టంగా మారింది. దాని మొదటి షెడ్యూలు రెండో భాగం చదవండి. బొటనవేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో నష్టం 30 శాతం. చూపుడు వేలు 14. నడిమి వేలు 12. ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఎముక పోకుండా కొన మాత్రం తెగితే చూపుడు వేలికి 5, ఉంగరపు వేలికి 2. పార్లమెంటు 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ ఈ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. చట్టం పేరు మారింది, వేలి లెక్క మారలేదు.

ఏకలవ్యుడి బొటనవేలి మీద మనం ఎన్ని పాటలు పాడాం! ఈ పట్టిక ప్రకారం అది 30 శాతం. నాది 7.

ఈ 7 ఎక్కడిది? పెన్ను పట్టే చేతికి ఉంగరపు వేలుతో పెద్ద పనిలేదు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు చాలు. సుత్తి పట్టే చేతికి అదే ఆధారం. ఈ పట్టిక రాసిన చేయి ఎప్పుడూ సుత్తి పట్టలేదని నాకు ఆ అంకె చూస్తేనే తెలుస్తోంది. సంస్కృతంలో ఆ వేలిని అనామిక అంటారు, పేరు లేనిది అని. తెలుగులో ఉంగరపు వేలు అంటాం, ఉంగరం తొడగడానికే ఉన్నట్టు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి పొడవునా ఆ వేలి కోసం ఉంగరాలు మెరుస్తుంటాయి. మా ఇంట్లో ఆ వేలికి ఉంగరం తొడిగినవాళ్లు లేరు. మాకది పట్టు వేలు. పేరు పెట్టినవాడూ, ధర కట్టినవాడూ ఇద్దరూ ఆ వేలుతో పనిచేయనివాళ్లే.

"ఇది కార్మిక సమస్య, దీంట్లో కులమెక్కడుంది?" అని కామెంట్లలో అడిగే మిత్రులున్నారు. మా ఫ్యాక్టరీలో ఓనరు ఎవరు, కాటా దగ్గర లెక్క రాసేది ఎవరు, మిషన్ మీద నిలబడేది ఎవరు, బండ కింద వేలు పెట్టేది ఎవరు? నాలుగు మెట్లు, నాలుగు వాడలు. మా మెట్టు మీద మాదిగ, మాల ఇళ్లవాళ్లం తప్ప ఇంకొకరు నేనున్న రోజుల్లో రాలేదు. ప్రమాదం అందరికీ ఒకటే అంటారు. కాదు, అది మెట్టు చూసుకునే వస్తుంది. లెక్క రాసేవాడి వేలు బండ కింద పడదు. పడినా వాడి సంపాదన పోదు.

ఈ మాట నేను మాత్రమే అనడం లేదు. ఒక వడ్రంగి ఎడమచేయి మోచేతి పైన పోతే, పట్టిక ప్రకారం 70 శాతమే ఇస్తామని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూటికి నూరు అని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు, 1976 నాటి లా రిపోర్టుల్లో ఉంది. 2010లో రాజ్‌కుమార్ కేసులో, అది రోడ్డు ప్రమాదం కేసు, ఇంకా విడమరిచింది: శరీరంలో ఎంత శాతం వైకల్యం అన్నది ఒక లెక్క, దానివల్ల ఆ మనిషి బతుకుతెరువు ఎంత పోయిందన్నది వేరే లెక్క. ఎడమచేయి పోతే డ్రైవరుకూ వడ్రంగికీ దాదాపు అంతా పోతుంది, గుమస్తాకు ఉద్యోగం మిగలొచ్చు. కోర్టుకు అర్థమైన ఈ సంగతి మా డాక్టరుకూ, మా ఓనరుకూ, మా నాయకులకూ ఎందుకు అర్థం కాదు?

నా లెక్క కట్టి చూపిస్తా. నెలకు కూలి 13,000. చట్టం దాంట్లో 60 శాతం తీసుకుంటుంది, అంటే 7,800. ముప్పై ఏళ్ల మనిషికి గుణకం 207.98. రెండూ హెచ్చిస్తే 16,22,244. పూర్తిగా పనికిరాకుండా పోయిన ఉంగరపు వేలికి దాంట్లో 7 శాతం అనుకున్నా 1,13,557 రూపాయలు. నా వేలు తెగలేదు, బిగుసుకుంది. అలాంటి వాటికి సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టరు తేల్చాలి, పట్టికలోని శాతాలను కూడా దృష్టిలో పెట్టుకుని. 20 శాతం అని తేలిస్తే 3,24,448. వైద్యం ఖర్చు యజమానిదే. పనిలేని రోజులకు పదిహేను రోజులకొకసారి నెలకూలిలో నాలుగో వంతు ఇవ్వాలి.

నాకు ఇచ్చింది పది వేలు. ఒక తెల్లకాగితం మీద సంతకం. ఇకమీద ఏ సంబంధమూ లేదని.

ఆ కాగితం చెల్లదు. పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చే ఒప్పందం అంత మేరకు చెల్లదని చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. పరిహారం మొత్తం మీద రాజీ కుదిరితే దాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాలని 28వ సెక్షన్ చెప్తుంది. నెలలోపు డబ్బు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా. ఇవన్నీ నేను ఎప్పుడు చదివాను? మూడేళ్లకు. అర్జీకి గడువు ఎంత? రెండేళ్లు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే వీలుందని కూడా తర్వాతే తెలిసింది. అప్పటికి ఆ ఫ్యాక్టరీ చేతులు మారింది, సాక్ష్యం చెప్పాల్సిన మనిషి పనికోసం ఊరొదిలి పోయాడు.

ఇక్కడ ఓనరును తిట్టి ముగిస్తే సులువు. కానీ ఈ సీరీస్ మొదలుపెట్టిందే మనల్ని మనం అడగడానికి. నేను అప్పటికే ఎనిమిదేళ్లుగా సంఘంలో ఉన్నాను. కారంచేడు 1985, చుండూరు 1991 అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఏప్రిల్ 14న అంబేడ్కర్ రాజ్యాంగం మీద గంట మాట్లాడతాను. అదే అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడని తెలుసు, కానీ అది నా బతుక్కి సంబంధించిన సంగతని ఎప్పుడూ అనుకోలేదు. మన మీటింగుల్లో నా వేలును ఎంతమంది చూశారు! ఒక్కరూ "కేసు వేశావా?" అని అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. శవం లేస్తే కదులుతాం. వేలు పోతే "వేలే కదా" అంటాం. ఓనరు మాట మన నోట్లో కూడా ఉంది. నేను నవ్విన నవ్వు అదే.

ప్రభుత్వం సంగతి కూడా చెప్పాలి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం రిజర్వేషన్లకూ చాలా పథకాలకూ గీత 40 శాతం. సదరం క్యాంపులో ఒక్క వేలు పట్టుకుపోతే ఆ గీత దరిదాపుల్లోకి రావు. అంటే పనిచేయడానికి పనికిరాను, వికలాంగుణ్ని అనిపించుకోవడానికీ పనికిరాను. ఈ రెండు గీతల మధ్య మా వాడల్లో ఎన్ని చేతులున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

మా జిల్లాకు వైద్యం చరిత్ర లేక కాదు. జమ్మలమడుగులో మిషనరీలు పెట్టిన క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఉంది. వైఎస్ రాజశేఖరరెడ్డి రాజకీయాల్లోకి రాకముందు అక్కడే డాక్టరుగా పనిచేశాడు, తర్వాత పులివెందులలో ఆస్పత్రి పెట్టాడు. ముఖ్యమంత్రిగా 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చాడు. గుండెకు, కిడ్నీకి ఆపరేషన్ దొరికిన పేదలున్నారు, కాదనను. కానీ ఆ పథకం ప్రధానంగా ఆస్పత్రిలో చేర్చుకుని చేసే వైద్యానిది. వేలు వంచడం నేర్పే ఆరు వారాలకు ఎవరి ప్యాకేజీలోనూ చోటులేదు. కడప నుంచి రైలెక్కితే వచ్చే వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1940ల చివర్లోనే, కుష్ఠుతో ముడుచుకుపోయిన వేళ్లకు టెండన్లు మార్చి ప్రాణం పోశాడు. ఆపరేషన్ ఒక్కటే చాలదని, ఆ చేత్తో మళ్లీ పని నేర్పాలని అక్కడే ఒక కేంద్రం పెట్టాడు. ఊరు వెలివేసిన మనుషుల వేళ్లకు అంత విలువ ఇచ్చిన చోటు మనకు ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉంది. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా నాకు అందింది "పనిచేస్తూ ఉంటే అదే వస్తుంది" అన్న మాటే.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల మా పెద్దమ్మ కొడుక్కి ఇరవై నాలుగేళ్ల వయసులో చూపుడు వేలు పై కణుపు తెగింది. ఇంకో ఫ్యాక్టరీ, అదే బండ. ఓనరు తరఫు మనుషులు మూడుసార్లు ఇంటికొచ్చారు. పదిహేను వేలు చేతిలో పెడతామంటున్నారు. మా పెద్దమ్మ నన్ను అడిగింది, "తీసుకుందామా నాయనా? రేపు పనికి రానీకపోతే యాడికి పోతాడు?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. చట్టం పని పోకుండా కాపాడలేదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. అయినా వాడు ఇవ్వనన్నాడు సంతకం. సోమవారం లేబర్ ఆఫీసుకు పోతున్నాం. ఏమవుతుందో ముందే గెలుపు రాయను. జరిగింది జరిగినట్టు రాస్తా.

విద్యార్థి మిత్రులారా, మీ వాడలో మీరు చేయగలిగినవి:

1. దెబ్బ తగిలిన రోజే ఆస్పత్రి చీటీలో "పనిచేసేచోట తగిలింది" అని రాయించండి. ఇంట్లో జారిపడ్డాడని ఓనరు మనిషి చెప్తే ఒప్పుకోవద్దు.

2. తేదీ, సమయం, పక్కనున్న ఇద్దరి పేర్లు, ఫొటోలు, కూలి ఫోన్‌లో వేసిన రుజువులు దాచండి. ఈఎస్ఐ కోత ఉంటే అది వేరే దారి, కార్డు అడగండి.

3. డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి: "ఈ వేలు ఏ రోజు నుంచి కదిలించాలి? ఎవరు నేర్పుతారు?" జవాబు రాకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి పోండి. కానీ టెండన్ కుట్టిన వేలును సొంతంగా వంచొద్దు, కుట్టు తెగుతుంది.

4. వైకల్యం శాతం సర్టిఫికెట్ చాలదు. ఆ మనిషి చేసే పని పేరు రాసి, ఆ పనిలో సంపాదన శక్తి ఎంత పోయిందో రాయించండి.

5. రెండేళ్లు. గోడ మీద రాసిపెట్టుకోండి.

6. తెల్లకాగితం మీద సంతకం వద్దు. పెట్టి ఉన్నా భయపడొద్దు, అది హక్కును చంపదు.

అన్నిటికంటే ముందు, ఈసారి మీటింగుకు వచ్చినవాళ్ల చేతులు చూడండి. వంగని వేళ్లు, తెగిన కొనలు, అరిగిపోయి రేషన్ మిషన్‌లో పడని వేలిముద్రలు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతిచ్చారు అని అడిగి రాయండి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల నుంచి రాసిపంపేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి. పేర్లు బయటపెట్టను. లెక్క మాత్రం బయటపెడదాం. వాళ్ల పట్టిక వాళ్ల దగ్గరుంది. మన పట్టిక మనమే రాయాలి.

ఈసారి నేను పిడికిలెత్తినప్పుడు ఆ వేలు చూసి నవ్వు వస్తే నవ్వండి. నవ్వాక "కేసు వేశావా అన్నా?" అని అడగండి.

జై భీమ్.

(సోమవారం లేబర్ ఆఫీసులో జరిగింది 7వ భాగంలో)